పాత ల్యాప్‌టాపులోని బ్యాటరీ

పూర్వము మన ఇండ్లలో దీపమును గూర్చి స్త్రీలకు గల శ్రద్ధ ఇంతయంత కాదు. సాయంకాలమగుసరికి లాంతరు చిమ్నీని బూడిదతో తోమి, మెత్తని గుడ్డతో తుడిచి, వత్తి కొనను సమముగా కత్తిరించి, చమురెంత యున్నదో చూచి పిమ్మటనే వెలిగించెడివారు. పసిపిల్లల చేతికి అందనిచోట దానిని ఉంచెడివారు. ఇంటికి వెలుగునిచ్చునదియు, ఏమరినచో ఇంటిని కాల్చునదియు అదియే యని వారెరుగుదురు. నేడు లాంతరు మన ఇండ్లలో లేదు. దాని స్థానమున వేరొక వస్తువు వచ్చి చేరినది. అది మన పిల్లలు పరుపుమీద ఒరిగి చదువుకొను ల్యాప్‌టాపులోని బ్యాటరీ. దానికి వత్తి లేదు, పొగ లేదు, వాసన లేదు. కావున దానిని గూర్చి మనకు శ్రద్ధయు లేదు. ఈ అశ్రద్ధవలన మా ఇంట జరిగిన సంగతిని సోదరీమణులకు తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది గోదావరిఖని. పెద్దపల్లి జిల్లాలో, రామగుండమును ఆనుకొని, గోదావరి యొడ్డున బొగ్గుగనులవలన పెరిగిన ఊరు. 1871 లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనుటతో మొదలైన కథ, 1920 లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు దాల్చి, గోదావరి లోయ వెంబడి విస్తరించి మా ఊరివరకు వచ్చినది. ఇచ్చటివారు గనిని ‘బాయి’ యందురు. ‘బాయికి పోయిండు’ అన్నచో నీళ్ల బావికని కాదు, బొగ్గు గనికని అర్థము. మావారు ముప్పది సంవత్సరములకు పైగా ఆ బాయిలమీదనే పనిచేసి పదవీ విరమణ చేసిరి. అయితే వారి పని బొగ్గు తవ్వుట కాదు. ల్యాంపు రూములో దీపములను చూచుకొనుట.

భూగర్భములోనికి దిగు ప్రతి మనిషికిని టోపీకి తగిలించుకొను దీపమొకటి ఇత్తురు. ఇప్పుడు తేలికైన లిథియం దీపములు వచ్చినవి గాని, మావారు పనిలో చేరిన కాలమున దాని బ్యాటరీ నడుమునకు కట్టుకొను పెట్టెలో ఉండెడిది. సీసపు పలకలతోను, గంధకికామ్లముతోను పనిచేయు 4 వోల్టుల బ్యాటరీ యది. రెండు కిలోలకు పైబడిన బరువు. అటువంటి బ్యాటరీని 1859 లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టెను. షిఫ్టు ముగించి పైకి వచ్చినవారు దీపమును తిరిగి ఇచ్చివేయగా, ల్యాంపు రూమువారు దానిని తుడిచి, చార్జింగునకు తగిలించి, స్వేదనజలము తగ్గినచో పోసి, మరల సిద్ధము చేయుదురు. ప్రతి దీపమునకును ఒక సంఖ్య యుండును. ఎనిమిది గంటల షిఫ్టు పూర్తిగా వెలుగలేని దీపమును ప్రక్కకు తీయవలసినదే. ‘ఇంకొక వారం నడవనియ్యి’ అను మాట ఆ గదిలో చెల్లదు. ఏలయన బాయిలోపల దీపమారిన మనిషికి తన చేయి తనకే కనబడదు.

ఆ రోజులలో మావారి చొక్కాలకు నడుమువద్ద చిన్న చిన్న రంధ్రములు పడుచుండెడివి. ఆమ్లపు తుంపర పడినచోట బట్ట అప్పటికి బాగుగనే యున్నట్లు కనిపించి, ఉతుకులో చినిగిపోయెడిది. ఆ చిరుగులను కుట్టి కుట్టి మాకు బ్యాటరీ యనిననే ఒకవిధమగు విసుగు పుట్టినది. అందులో మేము నేర్చుకొనవలసినది ఉన్నదని అప్పుడు తోచలేదు.

ల్యాంపు రూములో ఇంకొక నియమమున్నది. బాయి దిగువాడు తన సంఖ్యగల బిళ్లనిచ్చి దీపమును తీసికొనును; పైకి వచ్చి దీపమునిచ్చి బిళ్లను తీసికొనును. కొక్కెమునకు బిళ్ల వ్రేలాడుచున్నంతవరకు ఆ మనిషి లోపలనే యున్నాడని లెక్క. ఒకనాటి రాత్రి రెండవ షిఫ్టు ముగిసిన తరువాత మావారు చాలసేపటివరకు ఇంటికి రాలేదు. మేము అన్నము మూతపెట్టి, వాకిట కూర్చుండి, రోడ్డువైపు చూచుచు ఎన్ని మ్రొక్కులు మ్రొక్కితిమో మాకే తెలియదు. తెల్లవారుజామున వచ్చి, ‘ఒక బిళ్ల మిగిలింది. ఆ మనిషిని ఇంకో షిఫ్టుకు ఆపుకున్నరట, చెప్పలేదు. దీపం రాంది ఎట్ల వస్త?’ అనిరి. ఆ మనిషి క్షేమముగనే యుండెను. అయినను దీపము చేతికి వచ్చిననాడే లెక్క తీరునను ఆ మాట మా మనస్సులో నిలిచిపోయినది.

ఇక అసలు సంగతికి వత్తుము. మా పెద్దవాడు 2016 లో ఇంజనీరింగులో చేరినప్పుడు ఒక ల్యాప్‌టాపు కొంటిమి. వానికి హైదరాబాదులో ఉద్యోగము వచ్చిన పిమ్మట దానిని చెల్లెలికి ఇచ్చి వెళ్లెను. 2020 లో కరోనావలన బడులు మూతపడగా మా అమ్మాయి చదువంతయు దానిమీదనే సాగినది. మేము దానిని వాడిన విధము చెప్పుటకు సిగ్గగుచున్నది. రాత్రింబవళ్లు చార్జరు పెట్టియే యుంచెడివారము. బొంతమీద పెట్టి వాడుటచేత క్రిందనుండి గాలి పోవు రంధ్రములు మూసికొనిపోయెడివి. ఎండకాలమున పడమటి కిటికీప్రక్క బల్లమీద వదలివేసెడివారము. క్రమముగా నాలుగు గంటలు నడచునది రెండు గంటలకును, పిమ్మట అరగంటకును దిగినది. ‘ముసలిదైపోయింది’ అని నవ్వుకొంటిమే గాని, ముసలిదైన బ్యాటరీని ఏమి చేయవలెనో ఆలోచించలేదు.

2023 మే నెలలో ఒకనాడు అమ్మాయి వచ్చి, ‘అమ్మా, కింద నొక్కే పలక పడ్తలేదే. మూత గూడ సరిగ్గ మూసుకుంటలేదు’ అనెను. మేము చూడగా ల్యాప్‌టాపు నడిమిభాగము కొంచెము పైకి లేచి, అంచున వ్రేలిగోరు దూరునంత సందు ఏర్పడియుండెను. ఎండవేడికి ప్లాస్టికు వంగినదని మేము తలచితిమి. అప్పటికి మామిడికాయ తొక్కు పెట్టుచుంటిమి. నిండు జాడీ ఒకటి చేతికందగా, దానిని మూతమీద పెట్టి, ‘రెండు రోజులుంటే అదే అణుగుతది’ అంటిమి. అప్పడములు వంగినచో పళ్లెము బోర్లించి అణచినట్లే యనుకొంటిమి. ఆ బల్ల పడకగదిలోనే యున్నది. సెలవులకు వచ్చిన మా చిన్న మనుమడు ఆ రెండు రాత్రులును ఆ బల్లప్రక్కనే పండుకొనెను.

మూడవనాడు మావారు ఏదో వెదకుచు ఆ గదిలోనికి వచ్చి, జాడీని చూచి, దాని క్రింద నున్నదానిని చూచి, ఒక్క క్షణము మాటాడలేదు. తరువాత రెండు చేతులతో జాడీని మెల్లగా ఎత్తి నేలమీద పెట్టి, ‘ఎంత పని జేసినవు! అది ప్లాస్టిక్ వంగుడు కాదు, బ్యాటరీ ఉబ్బుడు. దానిమీద బరువు పెడ్తరా?’ అనిరి. అంతవరకు వారు మామీద కోపముతో మాటాడిన సందర్భములు తక్కువ. ఆనాడు వారి గొంతులో ఉన్నది కోపము కాదు, భయము. చార్జరు గోడనుండి తీసి, ల్యాప్‌టాపును పూర్తిగా ఆర్పి, మూతను బలవంతముగా మూయకయే తీసికొనిపోయి, వెనుకవైపు నీడలో బండపరుపుమీద, చుట్టుప్రక్కల బట్టగాని కాగితముగాని లేనిచోట ఉంచిరి. మనుమని పడక వేరొక గదిలోనికి మార్చిరి.

అది యెందుకు ఉబ్బినదో తెలిసికొనవలెననిన, లోపల నేమున్నదో చూడవలెను. ల్యాప్‌టాపులోనిది లిథియం అయాను బ్యాటరీ. ఇది 1991 నుండి బజారులోనికి వచ్చినది. దీనిని రూపొందించినందుకు గుడెనఫ్, విట్టింగ్‌హాం, యోషినో యను ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019 లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఇందులో రెండు పొరల నడుమ కాగితముకంటె పలుచనైన ప్లాస్టికు తెర యుండును. చుట్టును త్వరగా అంటుకొను స్వభావముగల ద్రవముండును. చార్జింగు పెట్టినప్పుడు లిథియం కణములు ఒక పొరనుండి రెండవ పొరకు పోవును. వాడినప్పుడు తిరిగి వచ్చును. ఈ రాకపోకలు కొన్ని వందలసార్లు జరుగుసరికి పొరలు అలసిపోవును. వేడివలనను, ఎల్లప్పుడును నిండు చార్జింగులో నుంచుటవలనను ఆ ద్రవము మెల్లగా చెడి వాయువు పుట్టును. ఆ వాయువునకు పోవుదారి లేక సంచి ఉబ్బును. అట్టిదానిని నొక్కినచో, పొడిచినచో, లోపలి తెర చినిగి రెండు పొరలు ఒకటి నొకటి తాకును. అప్పుడు పుట్టు వేడి తనంతట తానే పెరిగి మంటయగును. మేము జాడీ పెట్టినది సరిగా దానిమీదనే.

సీసపు బ్యాటరీకిని దీనికిని ఇదియే భేదమని మావారు చెప్పిరి. అది చెడినచో బట్టను తినును. ఇది చెడినచో ఇంటిని తినును.

మరునాడు దానిని బజారులోని ఒక దుకాణమునకు తీసికొనిపోయితిమి. అతడు బ్యాటరీని విప్పి తీసి, వేరొకటి వేసి, తక్కువ ధర పుచ్చుకొని, ఉబ్బినదానిని ఒక ప్లాస్టికు సంచిలో చుట్టి మా చేతిలో పెట్టి, ‘చెత్తబండిల ఏసేయండమ్మా’ అనెను. క్రొత్త బ్యాటరీమీద కంపెనీ పేరు లేదు, తేదీ లేదు, రసీదు అడుగగా ఇచ్చెడి అలవాటు లేదనెను. తక్కువలో పని జరిగినదని మేము సంతోషించితిమి. మావారికి మాత్రము అది నచ్చలేదు. ‘నంబరు లేని దీపాన్ని మేం షెల్ఫుల గూడ పెట్టకపోదుము’ అని గొణిగికొనిరి.

నాలుగు నెలలు గడచినవి. అమ్మాయికి ఇంటినుండియే వ్రాయవలసిన ఉద్యోగపరీక్ష యొకటి వచ్చినది. ఆ సాయంకాలము గాలివాన కురిసి కరెంటు పోయినది. మా ఊరి ప్రక్కనే రామగుండములో 2600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్కేంద్రమున్నది; మా బొగ్గుతో వెలుగు దీపములు ఎన్ని రాష్ట్రములలో నున్నవో! అయినను గాలికి తీగ తెగినచో ప్రక్కవీధియైనను చీకటియే గదా. బ్యాటరీ 60 శాతమున్నదని తెర చూపుచుండుటచేత అమ్మాయి ధైర్యముగనే యుండెను. రెండు నిమిషములు కాకమునుపే ల్యాప్‌టాపు ఒక్కసారిగా ఆరిపోయెను. మరల వెలుగలేదు. పరీక్ష చేజారినది. ఆ పిల్ల చీకటిలో బల్లమీద తల వాల్చి ఏడ్చుచుండగా, నాడు మేము మిగిల్చితిమనుకొన్న రూపాయలు మా కన్నులయెదుట మెదలినవి.

ఆ రాత్రి మావారు అమ్మాయితో, ‘ఏడువకు బిడ్డా. తప్పు నీది కాదు. దీపం ఎట్లున్నదో సూడకుంట నిన్ను బాయిల దింపినం’ అనిరి. మరునాటినుండి మా ఇంట ఆ ల్యాప్‌టాపు ల్యాంపు రూము నియమములకు లోబడినది. ఆ నియమములనే చదువరులకు తెలుపుచున్నాము.

మొదటిది, బ్యాటరీ బలము చూచుకొనుట. ఎంత చార్జింగు మిగిలినదని తెర చూపు అంకెను నమ్మరాదు. పాత బ్యాటరీ 60 చూపుచునే ఆరిపోవుట మేము చూచితిమి. విండోసు ల్యాప్‌టాపులలో బ్యాటరీ రిపోర్టు అను చిట్టా యొకటి తీయవచ్చును. పిల్లలనడిగిన తీసి చూపుదురు. అందులో రెండంకెలు ముఖ్యమైనవి. ఒకటి బ్యాటరీ తయారైనప్పటి శక్తి. రెండవది ఇప్పుడు నిండుగా పట్టు శక్తి. మా పాత బ్యాటరీ వంటిది మొదట 40,000 మిల్లీవాట్ గంటలు పట్టునదై, ఇప్పుడు 14,000 మాత్రమే పట్టుచున్నదనుకొందము. అనగా నూటికి 35 పాళ్లు మిగిలినవని అర్థము. సగమునకు దిగినదనగానే మార్చుటకు సిద్ధపడవలెను. నెలకొకసారి, జీతము లెక్క చూచుకొనునాడే దీనిని గూడ చూచుకొనినచో మరపు రాదు.

రెండవది, ఆకారమును చూచుట. మూత సరిగా పడకున్నను, క్రింద బల్లమీద నుంచినప్పుడు ల్యాప్‌టాపు ఊగుచున్నను, వ్రేలితో నొక్కు పలక బిగిసికొనిపోయినను, అడుగుభాగము ఉబ్బినను, ఏదో తీపి రసాయనపు వాసన వచ్చినను ఇక దానికి చార్జరు పెట్టరాదు. నొక్కరాదు, సూదితో పొడిచి గాలి తీయజూడరాదు, ఫ్రిజ్జులో పెట్టరాదు. ఆర్పి, బట్టలకును పడకలకును దూరముగా రాతి నేలమీద నుంచి, తెలిసినవారిచేత తీయింపవలెను. మా ఇంటివద్ద మేము చేసిన జాడీపని మరెవ్వరును చేయకుందురుగాక.

మూడవది, వేడినుండి కాపాడుట. మా రామగుండమున మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. అట్టి ఊళ్లలో బ్యాటరీకి మొదటి శత్రువు వేడియే. పరుపుమీదను, ఒడిలో దిండుమీదను పెట్టక, గట్టి పలకమీద పెట్టి వాడవలెను. ఎండపడు కిటికీవద్దను, ఎండలో నిలిపిన కారులోను వదలరాదు. రోజంతయు చార్జరు పెట్టియే వాడువారు, 80 శాతము వద్ద చార్జింగు ఆగు ఏర్పాటు తమ ల్యాప్‌టాపులో నున్నదేమో చూచి దానిని పెట్టుకొనుట మేలు. పండుకొనువేళ చార్జరు తీసివేయవలెను. ఇది లాంతరు వత్తి తగ్గించి పండుకొనుటవంటిదే.

నాలుగవది, వాడని ల్యాప్‌టాపు సంగతి. చాల ఇండ్లలో పాతది బీరువాలో చీరలక్రింద ఏండ్లతరబడి పడియుండును. బ్యాటరీ పూర్తిగా అడుగంటి చాలకాలమున్నచో లోపలి రాగి కరగి చెడును. అట్టిదానికి ఒకనాడు హఠాత్తుగా చార్జరు పెట్టుట అపాయము. దాచదలచినచో సగము చార్జింగుతో నార్చి, చల్లనిచోట నుంచి, కొన్ని నెలలకొకసారి చూచుచుండవలెను. ఇక వాడమనుకొన్నచో అందులోని ఫొటోలను, సర్టిఫికెట్లను వేరొకచోటికి ఎక్కించుకొని, బ్యాటరీని ఇంటినుండి సాగనంపుటయే మంచిది. బ్యాటరీ తీసినచో ఫొటోలు పోవునని కొందరు భయపడుదురు. ఫొటోలుండు భాగము వేరు, బ్యాటరీ వేరు. దీనిని తీసినందున అవి పోవు.

ఐదవది, క్రొత్తదానిని కొనుట. పాత బ్యాటరీమీది చీటీలో దాని మాదిరి సంఖ్యయు, వోల్టులును ఉండును. ఆ రెండును సరిపోవలెను. మన దేశమున ఇట్టి బ్యాటరీలను అమ్ముటకు భారతీయ ప్రమాణముల సంస్థవద్ద నమోదు తప్పనిసరి. కావున చీటీమీద ఐఎస్ 16046 అను ప్రమాణ సంఖ్యయు, ‘ఆర్’ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు ఉన్నవో లేవో చూడవలెను. రసీదు అడిగి పుచ్చుకొనవలెను. పుట్టినతేదీ లేని బ్యాటరీ ఎంత చవుకయైనను మనకు వలదు.

కడపటిది, పాతదానిని పంపుట. మాకు అన్నిటికంటె కష్టమైనది ఇదియే. దుకాణమువాడిచ్చిన ఉబ్బిన బ్యాటరీని మావారు చెత్తబండిలో వేయనీయలేదు. దాని కొనలకు టేపు అంటించి, పొడి ఇసుక పోసిన పాత ఇనుప డబ్బాలో పెట్టి, పెరటిగోడవద్ద వానపడని నీడలో నుంచిరి. వీధిలోనికి వచ్చు పాత సామాను బండివాడు రెండుమారులు అడిగెను, ఇయ్యలేదు. అతడు దానిని సుత్తితో పగులగొట్టి రాగి తీయును. మంట వచ్చినచో కాలునది అతని చేయి. చెత్తబండిలో వేసినచో, చెత్తను అణచు యంత్రమున అది నలిగి బండియే అంటుకొనవచ్చును. అందులో పనిచేయువారును ఒకరి ఇంటి బిడ్డలే గదా.

ఈ విషయమున చట్టముగూడ ఉన్నది. 2001 నాటి నియమములు సీసపు బ్యాటరీలను గూర్చి మాత్రమే చెప్పినవి. 2022 ఆగస్టు 22 న కేంద్రప్రభుత్వము ప్రకటించిన బ్యాటరీ వ్యర్థముల నియమములు అన్నిరకముల బ్యాటరీలకును వర్తించును. బ్యాటరీలను తయారుచేసి అమ్మువారే వాడిపోయినవానిని సేకరించి, వానిలోని లోహములు మరల ఉపయోగపడునట్లు చేయించవలెను. వాడుకొనువారు దానిని ఇంటి చెత్తలో కలుపక వేరుగా అప్పగింపవలెను. బ్యాటరీమీద గీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ యుండుటకు అర్థమిదియే.

పరీక్ష పోయిన పిమ్మట మేము ఆ ల్యాప్‌టాపు చేసిన కంపెనీవారికి ఫోను చేసితిమి. కొన్ని దినములకు వారి మనిషి ఇంటికి వచ్చి, సరియైన బ్యాటరీ వేసి, నాసిరకముదానిని, ఇసుకలోనిదానిని, రెండింటిని జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకొని రసీదు వ్రాసియిచ్చెను. ముందే ఆ పని చేసియుండిన నాలుగు నెలలు ఆ డబ్బా మా పెరటిలో ఉండెడిది కాదు. అమ్మాయి పరీక్షయు పోయెడిది కాదు. చదువరులు మావలె ఆలస్యము చేయవలదు. ఒకవేళ ఎప్పుడైనను బ్యాటరీనుండి పొగ వచ్చినచో, దానిని చేతితో పట్టుకొని పరుగెత్తరాదు. ఆ పొగ విషము. వీలున్నచో ఇంటి మెయిను ఆర్పి, పిల్లలను పెద్దలను వెలుపలికి తీసికొనిపోయి, 101 కి ఫోను చేయవలెను. వస్తువుకంటె మనిషి ముఖ్యము.

ఆనాటి సాయంకాలము మావారు రసీదును మడచుచు, ‘ఈ బ్యాటరీలున్న సరుకు గూడ ఏదో బాయిలకెల్లి వచ్చిందే’ అనిరి. మాకు అంతవరకు ఆ తలంపే రాలేదు. అమ్మాయి వెదకి చెప్పినది. ఇట్టి బ్యాటరీలలో కోబాల్టు అను లోహముండును. ప్రపంచమున తవ్వు కోబాల్టులో సగమునకు మించినది ఆఫ్రికాలోని కాంగో దేశమునుండియే వచ్చును. అచ్చట యంత్రములు లేక చేతులతో తవ్వువారు వేలమంది యున్నారు; వారిలో పసిపిల్లలును ఉన్నారు. మా బాయిలో దిగినవానికి బిళ్ల యున్నది, దీపమున్నది, రాకున్న వెదకువారున్నారు. ఆ గుంటలలో దిగువారిలో అనేకులకు అదియు లేదు. వారి చెమటతో పైకి వచ్చిన లోహమును మనము ఏడేండ్లు వాడుకొని చెత్తకుప్పలో పారవేయుట న్యాయమా? తిరిగి ఇచ్చినచో అది మరియొక బ్యాటరీలో చేరును. అంతమేరకు క్రొత్తగా తవ్వవలసిన పని తగ్గును. బొగ్గు అట్లు కాదు. కాలినది మరి రాదు. గనులవారి ఇంట పుట్టి, గనులవారి ఇంట మెట్టిన మాకు ఈ మాట మిక్కిలి పట్టినది.

ఇప్పుడు మా ఇంటి ల్యాప్‌టాపు అడుగున తెల్లని చీటీ యొకటి అంటించియున్నది. దానిమీద మావారు తమ చేతివ్రాతతో ‘నం. 1’ అని, దాని క్రింద బ్యాటరీ వేసిన తేదీని వ్రాసిరి. నెలనెలా అమ్మాయి చిట్టా తీసి అంకె చెప్పగా, పాత డైరీలో వారు వ్రాసికొందురు. ఆ పిల్ల మరియొక పరీక్ష వ్రాసి ఉద్యోగము సంపాదించుకొనినది, ఇంటినుండియే పని. మేము మాత్రము ఆ రసీదును రేషనుకార్డుతోపాటు పెట్టెలో భద్రపరచితిమి. చూచినవారు నవ్వుదురు. నవ్వనిండు; మా లెక్క తీరినది.

సోదరీమణులారా! ఈ వ్యాసము చదివి ముగించినవెంటనే ఒక్కసారి లేచి, మీ బీరువా తెరచి, మంచము క్రింద చూచి, పాత ల్యాప్‌టాపు ఉన్నదేమో వెదకుడు. ఉన్నచో బల్లమీద పెట్టి, అది ఊగుచున్నదో లేదో, మూత పడుచున్నదో లేదో చూడుడు. ఇంతమాత్రము చేసినచో మా తొక్కు జాడీ కథ వృథా పోలేదని మేము సంతోషింతుము.